గుండీలు కుట్టడమే మిగిలింది

అరచెయ్యి భుజం మీదికి వచ్చేసరికే ఆమె మనసు కిటికీ దగ్గరికి వెళ్ళిపోయింది. అక్కడ పరదా అంచు ఊడి, మూలన దారం వేలాడుతోంది. ఊళ్ళో వాళ్ళందరి గౌన్లకీ అంచు మడిచి కుట్టే మనిషి ఇంట్లో పరదాకి ఆ భాగ్యం లేదు. ఊళ్ళో వాళ్ళందరి మోటార్లకీ రాగితీగ చుట్టే మనిషి ఇంట్లో ఫ్యాను మాత్రం ముసలి పిల్లిలా మూలుగుతూ తిరుగుతోంది. ఎవరి విద్యయినా సొంత గుమ్మం దాటాకే వెలుగుతుంది కాబోలు. ఆ దారం అలా వదిలేస్తే ఇంకా ఊడుతుంది, లేచి రెండు పోట్లు వేస్తే పోతుంది కదా. వద్దు. ఇటు రా, అని మనసుని పిలిచింది, పక్కింటి పెరట్లో దూరిన కోడిపెట్టని పిలిచినట్టు. డాక్టరమ్మ చెప్పింది కదా, మనసు ఎటో పోతుందమ్మా, పోనివ్వండి, పోయిందని తిట్టుకోకండి, చెయ్యి ఎక్కడుందో అక్కడికి మెల్లగా తోలుకురండి, అంతే, మందులో సగం అదే అని. సరే, తోలుకొచ్చింది. అరచెయ్యి భుజం మీదే ఉంది. వేళ్ళ చివర్లు కాయలు కాసి గరుకుగా ఉన్నాయి, మధ్యలో మాత్రం మెత్తగా, వెచ్చగా ఉంది. వార్నిష్ వాసన ఎంత సబ్బు రుద్దినా పోదు ఆయనకి. తలుపు గడియ వేసి ఉంది. ఇద్దరి కొట్లూ మూసే రోజు, భోజనాలయ్యాక మధ్యాహ్నం. ఫోన్లు రెండూ వంటగదిలో గిన్నెల కింద బోర్లించి వచ్చాడు ఆయన, దొంగసొత్తు దాచినట్టు. ఆమె బోర్లా పడుకుంది, మొహం కిటికీ వైపు. ఒక గంట అని డాక్టరమ్మ మాట. వీపు, భుజాలు, చేతులు, పాదాలు. మిగతా చోట్ల జోలికి ఈ వారం పోవద్దు. ఎక్కడికో చేరాలని అనుకోవద్దు, ఇది ప్రయాణం కాదు, షికారు. ఇంకో మాట కూడా అంది ఆవిడ, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, ఆయన వైపు చూసి: "అయిందా అన్న మాట మాత్రం మీ పడగ్గదిలో వినపడకూడదండీ."

అయిందా. ఆ మాట లేకుండా బతకడం ఎలా అనిపించింది ఆమెకి అప్పుడు. కొట్టుకి వచ్చే ప్రతి మనిషీ గుమ్మంలోనే అడిగే మాట అది. "అయిందామ్మా నాది?" గుడ్డకి ఇంకా మడత కూడా విప్పి ఉండదు, అయినా కత్తెర ఆపకుండా, తల ఎత్తకుండా అంటుంది, "అయిపోయిందండీ, గుండీలు కుట్టడమే మిగిలింది." లోకంలో దర్జీలు పుట్టినప్పటి నుంచీ ఉన్న జవాబు అది. అది అబద్ధమని వినేవాళ్ళకి తెలుసు, వాళ్ళకి తెలుసని చెప్పేవాళ్ళకి తెలుసు, అయినా వచ్చినవాళ్ళు తృప్తిగా వెళ్తారు. కాలేదు అంటే గుమ్మంలో నిలబడి గొడవ పెట్టుకుంటారు. ఆయన కొట్లో వేరు. "నా మోటారు అయిందా అన్నా?" "కాలేదు. తీగ రాలేదు. గురువారం రా." మొహమ్మీద గుద్దినట్టు చెప్తాడు, వాళ్ళూ సరేనని వెళ్ళిపోతారు. ఉన్నమాట చెప్తాడని ఆయనకి పేరు, ఒళ్ళు చూసి కుడుతుందని ఆమెకి పేరు. ఇన్నేళ్ళూ ఒకే కప్పు కింద కాపురం చేసి ఒకరి అలవాటు ఒకరికి అంటలేదు చూడు. ఆలోచించి చూస్తే మనుషుల బతుకంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది: భోజనం అయిందా, పని అయిందా, చదువు అయిందా, పెళ్ళి అయిందా, పిల్లలకి పరీక్షలు అయినాయా. చివరికి ఏదీ అడగడానికి మిగలనప్పుడు, ఆయన అయిపోయాడట అంటారు. ఆ మాటే వచ్చి మంచం మీద కూడా కూర్చుంది. ఇంకేమని అడుగుతాడు పాపం, దానికి ఇంట్లో వాడుకునే మాట ఇంకోటి ఎవరు చెప్పారు గనక.

చెయ్యి కదిలింది. రెక్క ఎముక పక్కగా కిందికి వెళ్తోంది. ఇక్కడే ఉన్నాను, ఇక్కడే ఉన్నాను, అనుకుంది. రెక్క ఎముకలు రెండూ ఎప్పుడూ సమానంగా ఉండవు ఎవరికీ, కుడిచేత్తో పని చేసేవాళ్ళకి కుడి భుజం దిగి ఉంటుంది, చొక్కా కుట్టేటప్పుడు అటువైపు కొంచెం దించి కత్తిరించాలి, లేకపోతే మెడ దగ్గర గుడ్డ ఉబ్బుతుంది, ఆ బడి యూనిఫారాల పంతులుకి ఎన్నిసార్లు చెప్పినా... అయ్యో, మళ్ళీ పోయింది. వచ్చేయ్. వీపు మీద చెయ్యి. ఆయన ఊపిరి వినపడుతోంది. జాగ్రత్తగా, ముక్కుతో, లెక్క తప్పకుండా తీగ చుట్టేటప్పుడు పీల్చినట్టు పీలుస్తున్నాడు. భయపడుతున్నాడు పిచ్చి మనిషి.

భయమే మొదటి నుంచీ. ఆ ఒకనాటి మధ్యాహ్నం కూడా భయపడ్డాడు. అంతకుముందు, కొత్తకాపురం అత్తగారితో కలిసి ఒక ఇరుకింట్లో. మధ్యన గోడ కాదు అది, చెక్క. అత్తగారు బంగారం లాంటి మనిషి, ఆవిడ దగ్గు మాత్రం బంగారం కాదు. మంచం కిర్రుమందంటే చాలు, అవతల నుంచి ఖళ్ళుమని ఒక దగ్గు, నేను మేలుకునే ఉన్నానర్రా అన్నట్టు. ఆ ఇంట్లో ఆమె నోరు మూసుకోవడం నేర్చుకుంది. దిండు మూల పళ్ళ మధ్య పెట్టుకునేది. నోరు మూసుకుంటే ఒళ్ళు కూడా తలుపు వేసుకుంటుందని అప్పుడు తెలియదు, ఆడవాళ్ళకి ఇంతేనేమో అనుకుంది, అడగడానికి ఎవరున్నారు, అడిగినా ఏ మాటతో అడగాలి. తర్వాత ఈ ఇంటికి వచ్చారు. అత్తగారు పెద్దకొడుకు దగ్గరికి వెళ్ళింది. ఒక సెలవునాడు, ఇలాంటి మధ్యాహ్నమే, తొందర లేక, దగ్గు లేక, ఎవరూ పిలవక, ఆమె ఒంట్లో ఏదో ఎక్కడో పాదాల నుంచి లేచి, ఇదేమిటి ఇది, ఆగు, ఇది ఎటు పోతోంది అనుకుంటుండగానే తల దాకా వచ్చి విరిగి, ఏడ్చేసింది. ఆయన హడలిపోయాడు. ఎక్కడ నొప్పి, ఎక్కడ నొప్పి అని లైటు వేశాడు పట్టపగలు. నొప్పి కాదండీ అని నవ్వుతూ ఏడుస్తూ ఉంటే, ఆయన అర్థం చేసుకోవడానికి చాలాసేపు పట్టింది, అర్థమయ్యాక ఎర్రబడిపోయాడు, పరీక్ష పాసైన కుర్రాడిలా. ఆ రోజు నుంచే అడగడం. అయిందా? గర్వం కోసం కాదు, వెనకబడిన మనిషి వచ్చిందా లేదా అని వీధి మొగలో ఆగి చూసినట్టు. ఆమె మీద ప్రేమతో అడిగేవాడు. అయ్యేది కూడా, కొన్నాళ్ళు, హాయిగా. అప్పుడు అయింది అంటే అయిందనే.

చెల్లి పోయాక కథ మారింది. చెల్లి గురించి ఇప్పుడు వద్దు. వద్దంటే వస్తుంది అది, బతికున్నప్పుడూ అంతే, వద్దన్న చోటికే వచ్చేది, కత్తెర దాచిపెట్టి వెతికించేది, కొలతల టేపు నడుముకి చుట్టుకుని నేను ఎంత సన్నమో చూడవే అక్కా అనేది. జబ్బు చేశాక నిజంగానే సన్నబడింది. చివర్లో దాని గౌను ఈ అక్కే చిన్నది చేసింది. అది పోయాక గుడ్డ మీద చాక్‌తో గీత గీయబోతే గీత వంకర పోయేది, నిద్ర లేదు, గుండె ఊరికే దడదడలాడేది, మెషిను ముందు కూర్చుని కాలు తొక్కడం మరిచి గంటలు గంటలు ఉండిపోయేది. ఆయన కొట్టు మూసి వచ్చి పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. వంట ఆయనే, ఉప్పు ఉన్నా లేకపోయినా. ఆయనే ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ రాసిచ్చిన మాత్ర పనిచేసింది, దాన్ని ఆడిపోసుకోవడానికి లేదు. నిద్ర వచ్చింది, గీత తిన్నగా వచ్చింది, చెల్లి పేరు పైకి అనగలిగింది. అన్నీ తిరిగొచ్చాయి, ఒక్కటి తప్ప. కిందనున్న బాబిన్‌లో దారం అయిపోయిన మెషినుంటుంది చూడు, కాలు తొక్కుతుంటే చక్రం తిరుగుతుంది, సూది దిగుతుంది లేస్తుంది, గుడ్డ ముందుకి జరుగుతుంది, చప్పుడు అచ్చంగా కుడుతున్న చప్పుడే, తీరా ఎత్తి చూస్తే ఒక్క కుట్టూ పడి ఉండదు. అలా అయింది ఒళ్ళు. ఇష్టం ఉంది, దగ్గరితనం ఉంది, బాగానే మొదలవుతుంది, మెట్లెక్కుతుంది, ఎక్కుతుంది, పైమెట్టు మాత్రం ఉండదు. మొదటిసారి ఆయన అడిగినప్పుడు చీకట్లో ఆయన మొహం కనిపించింది ఆమెకి, అన్నాళ్ళూ ఉప్పులేని కూర వండిపెట్టి, స్టూలు మీద కూర్చుని కాపలా కాసిన మొహం. కాలేదు అని ఆ మొహానికి ఎలా చెప్పడం. నోటికి అలవాటైన మాట దానంతటదే జారింది. "ఊఁ, అయింది."

ఒక అబద్ధం ఆడితే దానికి తోడు కావాలి. ఊపిరి కావాలి, చిన్న మూలుగు కావాలి, అవన్నీ ఎప్పుడు మొదలుపెట్టి ఎప్పుడు ఆపాలో చూసుకుంటూ ఉండాలి. తన మంచం మీద తానే నిలబడి తన్నే చూసుకునే కాపలాదారు అయిపోయింది. ఇక వచ్చేది కూడా రాదు. తనది వయసనుకుంది, నెలసరి తప్పుతూ వస్తోంది కదా, అందుకే అనుకుంది. మనసు రాయి అయిందనుకుంది. చెల్లి లేని లోకంలో నాకు సుఖమేమిటని లోపల ఎవరో కూర్చుని తీర్పు చెప్పారనుకుంది. మాత్ర సంగతి తట్టనే లేదు చాలా రోజులు. తట్టిన రోజున, ఎవరికీ చెప్పకుండా మానేసింది. అది ఇంకో తెలివి. తల తిప్పితే చాలు లోపల కరెంటు తీగ తగిలినట్టు జిల్లుమనేది, కళ్ళు తిరిగేవి, ఊరికే కోపం, ఊరికే ఏడుపు. యూనిఫారం కొలతలకి వచ్చిన హెడ్ నర్సు, చంక కింద టేపు పెట్టించుకుంటూ, ఆమె చేతులు వణకడం చూసింది. "ఏం మాత్రలు మానేశావమ్మా?" అంది ఠక్కున. నర్సులకి పోలీసు వాళ్ళ బుద్ధి ఉంటుంది. టేపు అలాగే చేత్తో పట్టుకుని, ఆవిడ వీపు వెనకాల నిలబడి, మొహం కనపడదు కదా అన్న ధైర్యంతో, మొత్తం చెప్పేసింది ఆమె. అంతా విని నర్సు వెనక్కి తిరగకుండానే అంది, "నువ్వొక్కదానివే అనుకుంటున్నావా? ఆ మాత్రలు వేసుకునేవాళ్ళలో బోలెడు మందికి ఉంటుంది. చెప్పరు అంతే. నేను చెప్పే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళు. ఆయన్ని కూడా తీసుకెళ్ళు. నడుము మాత్రం కొంచెం వదులుగా కుట్టు, కూర్చుంటే బిగుస్తోంది."

నడుము. చెయ్యి నడుము మీదికి వచ్చింది. ఎంతసేపయిందో ఇక్కడికి వచ్చి. బాగుంది. ఇది బాగుంది అని పైకి చెప్పాలా? చెప్పమంది డాక్టరమ్మ. "బాగుంటే బాగుందనండి, లేకపోతే లేదనండి, ఆయన జోస్యుడు కాదు కదా." గొంతు సవరించుకుంది. చెయ్యి ఆగింది వెంటనే, తేలు కుట్టినట్టు. "ఏమైంది?" "ఏం కాలేదు. బాగుంది. అలాగే." "ఆఁ." మళ్ళీ కదిలింది. చూశావా, నాలుగు మాటలు, ఇల్లేం కూలిపోలేదు.

డాక్టరమ్మ గదిలో మాత్రం కూలింది. ఆవిడ ఏదో రాసుకుంటూ మామూలుగా, జ్వరం ఎన్నాళ్ళ నుంచి అన్నట్టు, "భావప్రాప్తి కలిగి ఎన్నాళ్ళయిందమ్మా?" అంది. ఆ మాట ఆమె అదే మొదట వినడం. మోక్షప్రాప్తి విన్నది, సంతానప్రాప్తి విన్నది, ఇదేదో అడవికి పోయి ఒంటికాలి మీద నిలబడితే దొరికేది కాబోలు అనుకుని బిక్కమొహం వేసింది. ఆయన తెలిసినట్టు తలాడించాడు, తెలియనప్పుడే తలాడిస్తాడు. అప్పుడు ఆవిడ విడమరిచి అడిగింది. గదిలో ఉన్నది ఏసీ, ఫ్యాను కాదు, చడీచప్పుడూ లేదు. "చెల్లి పోయినప్పటి నుంచీ లేదండీ," అంది ఆమె, టేబులు అంచు చూస్తూ. పక్క కుర్చీలో ఆయన కదల్లేదు. ఆ కదలకపోవడం ఆమె ఎడమ భుజానికి తెలిసింది. తర్వాత ఆవిడ చాలా చెప్పింది, మాత్ర వల్ల ఇలా జరుగుతుందని, మీ అంతట మీరు మానేయడం పెద్ద తప్పని, మెల్లగా తగ్గించి, ఈ బాధ తక్కువగా ఉండే ఇంకో మాత్రకి మారుద్దామని, అయితే మనసు ఆరోగ్యం ముందు, తక్కినది తర్వాత అని. థైరాయిడు, షుగరు చూపించమంది. ఈ వయసులో తడి తగ్గుతుంది, సిగ్గుపడాల్సిందేం లేదని ట్యూబు రాసిచ్చింది. ఆయన చివరికి నోరు తెరిచి, "లోపం ఎక్కడుందంటారు? నాలోనా?" అన్నాడు, టెస్టరు ఉన్నట్టు జేబులో చెయ్యి పెట్టుకుని. "లోపం అన్న మాట చెప్పుల పక్కన విడిచి రండి. ఈవిడ మోటారు కాదు," అంది ఆవిడ. ఆయన్ని బయట కూర్చోబెట్టి, ఆమెకి బొమ్మ గీసి చూపించింది. చాలామంది ఆడవాళ్ళకి కలయిక ఒక్కదానితో రాదమ్మా, ఇదుగో, పైన, ముందువైపు, మొగ్గలా ఉంటుంది, దీన్ని పట్టించుకుంటేనే, అందులో వింతేం లేదు. మీ ఒళ్ళు మీకు ముందు తెలియాలి, ఒంటరిగా ఉన్నప్పుడు మీరే తెలుసుకోండి, తర్వాత ఆయనకి చెప్పొచ్చు. ఇంతమంది ఒళ్ళు కొలిచాను, అనుకుంది ఆమె. ఛాతీ, నడుము, చంక, ముంజెయ్యి, మెడ చుట్టు. ఈ చోటుకి మాత్రం కొలతల్లో పేరు లేదు, ఉన్న పేర్లు ఒకటి బూతు, ఒకటి సంస్కృతం. ఒకటి వీధి అరుగు మీద ఉంటుంది, ఇంకోటి డాక్టరు టేబులు మీద ఉంటుంది. ఇంట్లోకి వచ్చి కూర్చునే మాట ఒక్కటీ లేదు.

దారిలో ఆయన మాట్లాడలేదు. ఇంటికొచ్చాకా మాట్లాడలేదు, అంటే మాట్లాడాడు, కొట్టుకి వచ్చే పరాయి ఆడవాళ్ళతో మాట్లాడినట్టు. నీళ్ళు కావాలా. తలుపు వెయ్యనా. అరిచినా బాగుండేది. అబద్ధం చెప్పిందని కాదు ఆయన బాధ, ఆమెకి తెలుసు, ఇన్నాళ్ళూ తాను సంతోషపెడుతున్నానని సంబరపడిన మనిషికి ఒక్కసారిగా ఆ సంబరం అంతా దొంగనోటని తెలిసింది. అలా కొన్ని రోజులు. ఆ తర్వాత ఒక పొద్దున ఆమె కొట్టు గుమ్మంలో ఎవరో నిలబడ్డారు, వెలుతురుకి అడ్డంగా. "అయిందామ్మా నాది?" అంది గొంతు. ఆమె అలవాటుగా, తల ఎత్తకుండా, కత్తెర ఆపకుండా అంది, "అయిపోయిందండీ, గుండీలు కుట్టడమే—" అని సగంలో ఆ గొంతు ఎవరిదో తట్టి, కత్తెర గుడ్డలోనే ఉండిపోయింది. ఆయన నవ్వడానికి ప్రయత్నిస్తున్నాడు, నవ్వు మూతి దగ్గర వణుకుతోంది. "దర్జీగారూ, ఊరందరికీ చెప్పే మాటే నాకూ చెప్పారా?" "లేదండీ. వాళ్ళకి గొడవ పడలేక చెప్తాను." "మరి నాకు?" "మీరు బాధపడతారని." ఆయన వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు, అప్పట్లో కూర్చున్నట్టే. చాలాసేపు చాక్ ముక్క అటూఇటూ దొర్లించి అన్నాడు, "నా కొట్లో నేను కాలేదంటాను కదా, ఎవడన్నా చచ్చిపోయాడా? గురువారం వస్తారు మళ్ళీ." ఆమె గుడ్డలో మొహం పెట్టుకుంది. ఎవరిదో తెల్ల చొక్కా, తడిసింది, ఆ తడి మరక తర్వాత ఇస్త్రీలో పోయింది.

చెయ్యి పైకి వస్తోంది. వెన్ను మీదుగా, మెడ దాకా. మెడ మీద జుట్టు పక్కకి తీశాడు. ఆ తీయడం తెలుసు ఆమెకి. ఇప్పుడు ఏం వస్తుందో తెలుసు. వంగుతాడు, మీసం తగులుతుంది, చెవి తమ్మె నోట్లోకి తీసుకుంటాడు. కొత్తకాపురంలో ఎప్పుడో మీసం గుచ్చుకుని ఆమెకి ఒళ్ళు జలదరించింది, చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. అదే సుఖమనుకున్నాడు ఆయన. పళ్ళెం మీద గరిటె గీకినా లేస్తాయి ఆ వెంట్రుకలు. ఆనాటి నుంచీ ప్రతిసారీ చెవి. ఎంత దగ్గరగా వచ్చినా, ఎంత దూరం వెళ్ళినా, ముందుగా చెవికి పన్ను కట్టాల్సిందే. ఆ పని అవుతున్నంతసేపూ ఆమె గట్టిగా కళ్ళు మూసుకుని పాదం వేళ్ళు ముడుచుకుని ఓర్చుకుంటుంది, ఆయన ఆ ముడుచుకోవడాన్ని కూడా చూసి సంతోషిస్తాడు. ఇది ఎలా చెప్పడం. డాక్టరమ్మ గదిలో పెద్దమాట బయటపడింది, అయినా దానికి మాత్ర మీద తప్పు వేసుకోవడానికి ఉంది. చెవి తప్పు ఎవరి మీద వేస్తాం. ఇది మాత్రకి ముందుది, చెల్లికి ముందుది. చెప్తే ఆయన మళ్ళీ నీళ్ళు కావాలా, తలుపు వెయ్యనా అనే మనిషైపోతాడు. ఈ చెయ్యి కూడా పోతుంది. చెప్పకపోతే పాదం వేళ్ళు ముడుచుకుంటాయి, ఓర్చుకోవడం మొదలవుతుంది, కాపలాదారు లేచి మంచం మీద నిలబడుతుంది, ఇక ఏ మాత్ర మార్చినా, ఎన్ని గంటలు గడియ వేసుకున్నా, అంతా మళ్ళీ మొదటికే. ఊపిరి తగిలింది మెడ మీద. వంగుతున్నాడు. మీసం. తగలబోతోంది. తగి—

"చెవి వద్దండీ."

ఆయన ఆగాడు. గాల్లోనే, వంగినవాడు వంగినట్టే.

"ఎప్పుడూ వద్దు," అంది ఆమె దిండులోకి. చెప్పేశాక ఇంకెందుకు దాపరికం. "నాకు చెవి దగ్గర ఒళ్ళు జలదరిస్తుంది. బాగుండి కాదు. మొదటి నుంచీ."

"మొదటి నుంచీ అంటే..."

"మొదటి నుంచీ."

పరుపు కుంగింది. ఆయన వెనక్కి వాలి కూర్చున్నాడన్నమాట. చెయ్యి వీపు మీద లేదు. చెయ్యి పోయింది. చెప్పకుండా ఉండాల్సింది, ఒక్క చెవి, దేవుడు రెండు ఇచ్చాడు కదా, ఒకటి ఆయనకి వదిలేస్తే పోయేది ఏముంది, ఇన్నేళ్ళు ఓర్చుకున్నదానివి, ఇప్పుడు నీ నోట్లో—

"నాకూ అదంటే పడదే," అన్నాడు ఆయన.

ఆమె తల తిప్పింది. ఆయన గోడకి ఆనుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, గంభీరంగా, సాక్ష్యం చెప్పేవాడిలా కూర్చున్నాడు.

"నీకు ఇష్టమని చేస్తున్నా. నువ్వు పొద్దస్తమానం చెవి మీద పెన్సిలు పెట్టుకుంటావు. ఆ పొడి పోదు. నోరంతా చేదు. మెషిను ఆయిలు చేత్తో జుట్టు చెవి వెనక్కి తోసుకుంటావు, అదొకటి. నేను చిన్నప్పుడు బళ్ళో పెన్సిలు నమిలితే మా పంతులు కొట్టేవాడు. అది గుర్తొచ్చేది ప్రతిసారీ."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ. అయినా నీకోసం కదా అని."

మొదట ఆమె పొట్ట కదిలింది. తర్వాత భుజాలు. నవ్వు దిండులో ఆగలేదు, బయటికి వచ్చింది, వచ్చాక ఇంకా పెద్దదయింది, ఆమె ఇంత గట్టిగా ఈ గదిలో ఎప్పుడూ శబ్దం చేసి ఎరగదు. ఆయన కాసేపు గంభీరం నిలబెట్టుకోవాలని చూసి, ఓడిపోయి, వచ్చి ఆమె పక్కన బోర్లా పడ్డాడు. ఇద్దరూ ఒకే దిండు మీద మొహాలు పెట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. "నీకు ఇష్టమని నేను," అంటాడు ఆయన, పూర్తి చెయ్యలేడు. "మీకు ఇష్టమని నేను," అంటుంది ఆమె, ఆమె కూడా పూర్తి చెయ్యలేదు. పక్కింటివాళ్ళు విన్నారేమో. విననీ.

నవ్వు తగ్గాక ఒళ్ళంతా వదులైపోయింది, తడిపి ఆరేసిన గుడ్డలా. "మరి ఎక్కడ?" అన్నాడు ఆయన, పని నేర్చుకోవడానికి వచ్చినవాడిలా. ఆమె ఆలోచించింది. పేర్లు లేకపోతే పోనీ, దిక్కులున్నాయి, వదులూ బిగువూ ఉన్నాయి, ఆమెకి అన్నం పెట్టిన మాటలే అవి. "మెడ కింద. ఇంకొంచెం కిందికి. ఎడమకి. అంత బిగువు వద్దు, వదులుగా." "ఇలాగా?" "గోరు తగలనివ్వకండి. అరచెయ్యి, వేళ్ళు కాదు. ఆఁ. అక్కడ." "ఇంత మెల్లగానా?" "ఇంకా మెల్లగా." "నిద్రపోతావు." "పోతే పోతాను." అరచెయ్యి వెన్ను మీద ఒకచోట, రెక్క ఎముకలకి నడుమ, వెళ్తోంది, వస్తోంది. దాని వెచ్చదనం చర్మం మీద ఆగి, తర్వాత చర్మం కిందికి దిగి, ఇంకా కిందికి. వెళ్తోంది. వస్తోంది. అక్కడ. ఊఁ. వెచ్చగా. వస్తోంది.

చాలాసేపటి తర్వాత ఆయన అడిగాడు, "ఏమాలోచిస్తున్నావ్?"

ఆమె వెతికి చూసుకుంది. లోపల ఈ చివర నుంచి ఆ చివరిదాకా.

"ఏమీ లేదు," అంది.

చెయ్యి ఠక్కున ఆగింది. "ఏమీ లేదంటే ఏదో ఉన్నట్టే. చెప్పు, ఫరవాలేదు. ఇంకా ఏం తప్పు చేశాను?"

నిజంగానే ఏమీ లేదని ఈ మగాణ్ణి ఎలా నమ్మించాలో తెలియక ఆమె కళ్ళు తెరవకుండానే నవ్వింది. వెనక్కి తడిమి, ఆగిపోయిన చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని, మళ్ళీ నడిపించింది.